పుట్టుబుద్ధికి వారం వారం లెక్క

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" – ఈ సామెత వినకుండా పెరిగిన తెలుగు ఆడపిల్ల ఉండదేమో. మా కరీంనగర్ వైపు దీన్ని ఎక్కువగా వాడేది కోడళ్ళ గురించే. కోపమొచ్చి గిన్నె విసిరికొట్టిన మగవాడికి రోషమెక్కువ అంటారు, నాలుగు రోజులైతే అదే తగ్గుతుందంటారు. అదే పని ఇంటి కోడలు చేస్తే "దాని బుద్ధే అంత" అని తేల్చేస్తారు. రోషం వచ్చి పోయేది, బుద్ధి ఉండిపోయేది. అతని కోపానికి ఒక కాలపరిమితి ఉంది, ఆమె కోపానికి లేదు.

ఆధునిక మనోవైద్యంలో ఈ సామెతకు బాగా దగ్గరగా వచ్చిన మాట 'వ్యక్తిత్వ రుగ్మత'. అందులోనూ స్త్రీలకు ఎక్కువగా అంటించిన పేరు 'బార్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్'. తెలుగులో సరిహద్దు వ్యక్తిత్వ రుగ్మత అనొచ్చు గానీ ఆ మాట ఎవరికీ ఏమీ చెప్పదు కాబట్టి బార్డర్‌లైన్ అనే అంటాను. తెలంగాణ స్త్రీల కథల్లో 'పిచ్చి' ఏ రూపాల్లో వచ్చిందో వెతకడం నా పీహెచ్‌డీలో ఒక అధ్యాయం. ఆ పనిలో ఉన్నప్పుడే ఈ రుగ్మత చరిత్ర చదవడం మొదలుపెట్టాను. స్త్రీవాదిగా ఈ పేరు మీద అనుమానంతోనే చదివాను, ఆ అనుమానం ఇప్పటికీ ఉంది. కానీ ఈ చరిత్రలో మనం పెద్దగా పట్టించుకోని పాయ ఒకటుంది. అది పేరు చరిత్ర కాదు, కొలత చరిత్ర. బాధ ఎంత తీవ్రంగా ఉంది, నిరుటికీ ఇప్పటికీ, పోయిన వారానికీ ఈ వారానికీ ఏమైనా మారిందా అని అడిగే ప్రశ్నావళుల చరిత్ర. దాన్ని ఉత్తర తెలంగాణ నేల మీద నిలబడి చూస్తే ఏం కనిపిస్తుందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు పేరు సంగతి. 1938లో న్యూయార్క్ మనోవిశ్లేషకుడు అడాల్ఫ్ స్టెర్న్ తన దగ్గరికొచ్చే కొందరి గురించి రాస్తూ వీళ్ళు న్యూరోసిస్‌కీ సైకోసిస్‌కీ మధ్య సరిహద్దు మీద ఉన్నారన్నాడు. అంటే ఆ పేరు రోగి అనుభవం నుంచి రాలేదు, డాక్టర్ల వర్గీకరణలో ఉన్న ఇబ్బంది నుంచి వచ్చింది. ఎక్కడ పెట్టాలో తెలియని వాళ్ళని గట్టు మీద నిలబెట్టారన్నమాట. 1967లో ఒట్టో కెర్న్‌బర్గ్ దాన్ని ఒక వ్యక్తిత్వ నిర్మాణంగా సిద్ధాంతీకరించాడు. 1975లో జాన్ గండర్సన్, మార్గరెట్ సింగర్ కలిసి అప్పటిదాకా వచ్చిన రచనలన్నీ వడగట్టి ఈ రోగుల్ని గుర్తుపట్టే లక్షణాలు రాశారు. 1980లో అమెరికన్ మనోవైద్య సంఘం వర్గీకరణ గ్రంథం మూడో కూర్పులోకి అది ఎక్కింది. అప్పుడు 8 లక్షణాలు, 1994 కూర్పుతో 9 అయ్యాయి. వదిలిపెట్టి పోతారన్న భయం, అయితే ఆకాశానికెత్తడం లేకపోతే పాతాళానికి తొక్కడంగా సాగే సంబంధాలు, తానెవరో తనకు నిలకడగా తెలియకపోవడం, దుడుకుతనం, తనను తాను గాయపరచుకోవడం, గంటల్లో మారిపోయే మనసు, లోపలంతా ఖాళీ, సందర్భానికి మించిన కోపం, ఒత్తిడిలో లోకం నుంచి తెగిపోయినట్టు అనిపించడం. 9లో ఏ 5 ఉన్నా ముద్ర పడుతుంది.

"సందర్భానికి మించిన కోపం" అన్న చోటే మనలో చాలామందికి చదవడం ఆగిపోతుంది. సందర్భాన్ని ఎవరు కొలిచారు? తాగొచ్చి కొట్టిన మొగుడి మీద ఎంత కోపం వస్తే సందర్భానికి సరిపోయినట్టు? ఈ ప్రశ్న పడమటి స్త్రీవాదులు గట్టిగానే అడిగారు. 1989లో జుడిత్ హెర్మన్, క్రిస్టఫర్ పెర్రీ, బెసెల్ వాండర్ కోక్ ప్రచురించిన అధ్యయనంలో బార్డర్‌లైన్ అని తేల్చిన వాళ్ళలో 81 శాతం చిన్నతనంలో కొట్టడమో, లైంగిక హింసో, ఇంట్లో హింస చూడటమో అనుభవించిన వాళ్ళు. చిన్న నమూనాయే గానీ దాని ప్రభావం పెద్దది. 1992లో వచ్చిన తన పుస్తకంలో హెర్మన్ ఈ పేరు డాక్టర్ల నోట తిట్టులా మారిందని విమర్శించింది, ఇది స్వభావ దోషం కాదనీ, ఎక్కువకాలం హింసలో బతికిన మనిషి మిగిలిన తీరు అనీ వాదించింది. 1997లో డేనా బెకర్ హిస్టీరియా నుంచి బార్డర్‌లైన్ దాకా ఆడవాళ్ళ పిచ్చికి పేర్లు ఎలా మారుతూ వచ్చాయో ఒక పుస్తకమే రాసింది. చాలా ఏళ్ళ పాటు వైద్య గ్రంథాలు ఈ రోగుల్లో నాలుగింట మూడు వంతులు స్త్రీలే అని చెబుతూ వచ్చాయి. 2008లో అమెరికాలో 34 వేల పైచిలుకు మందిని ఇళ్ళకు వెళ్ళి అడిగిన సర్వే ఒకటి వెలువడింది. అందులో మగవాళ్ళు 5.6 శాతం, ఆడవాళ్ళు 6.2 శాతం. తేడా దాదాపు లేనట్టే. ఆసుపత్రికి ఎవరు వచ్చారు, ఎవరు జైలుకీ కల్లు దుకాణానికీ పోయారు, గదిలో కూర్చున్న డాక్టరు ఎవరి కోపాన్ని రోగమనుకున్నాడు అన్నదాంట్లోనే తేడా ఉందనిపిస్తుంది నాకు.

ఈ విమర్శంతా మనకు తెలిసిందే. ఇక్కడితో ఆగితే ఇంకో వ్యాసం ముగిసిపోతుంది. కానీ పేరు పెట్టాక ఏం జరిగిందో చూడాలి.

గండర్సన్ బృందం 1981లో తెచ్చిన ఇంటర్వ్యూ, 1989లో మేరీ జనరినీ తదితరులు సవరించిన దాని రెండో రూపం – ఇవి రోగాన్ని గుర్తుపట్టడానికి పనికొచ్చేవి. సవరించిన రూపం గడిచిన రెండేళ్ళ జీవితాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. రెండేళ్ళ కిటికీలోంచి చూస్తే మనిషి కదలదు. మందు వాడినా, చికిత్స తీసుకున్నా పోయిన నెల కన్నా ఈ నెల నయమా అన్నది అందులో తెలియదు. అసలు తెలుసుకోవాలని ఎవరూ అనుకోలేదు కూడా. వ్యక్తిత్వం మారదు కదా, ఇక కొలిచేదేముంది? సామెత బోస్టన్‌లోనూ రాజ్యమేలుతోంది.

దాన్ని కదిపింది చికిత్సలే. 1991లో మార్షా లినహాన్ తన చికిత్సా పద్ధతి పని చేస్తుందో లేదో చూడటానికి లెక్కపెట్టినవి చాలా మామూలు సంగతులు – ఏడాదిలో ఎన్నిసార్లు తనను తాను గాయపరచుకుంది, ఎన్ని రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆ అధ్యయనంలో అందరూ స్త్రీలే. ఆమె పద్ధతిలో రోగి చేతికి ఒక దినచర్య కార్డు ఇస్తారు. ఈ రోజు బాధ ఎంత, చచ్చిపోవాలన్న కోరిక ఎంత, దాన్ని తట్టుకోడానికి ఏం చేశాను – రోజూ తనే అంకె వేసుకోవాలి. 17 ఏళ్ళ వయసులో హార్ట్‌ఫర్డ్‌లోని ఒక మానసిక చికిత్సాలయంలో రెండేళ్ళకు పైగా ఉన్న రోగి తానేనని లినహాన్ 2011లో బహిరంగంగా చెప్పింది. కార్డు రోగి చేతికే ఎందుకిచ్చిందో ఆ మాట విన్నాక ఇంకోలా అర్థమైంది నాకు.

2003లో జనరినీ మార్పును కొలిచే స్కేలు తెచ్చింది. అవే 9 లక్షణాలు, ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా మార్కులు, మొత్తం 36. అడిగేది గడిచిన ఒక్క వారం గురించి. రెండేళ్ళ కిటికీ వారానికి కుదించుకుపోయింది. జర్మనీలో మార్టిన్ బోహుస్ బృందం రోగుల మాటల ఆధారంగా ముందు 95 ప్రశ్నలు, 2009లో వాటిని కుదించి 23 ప్రశ్నల జాబితా చేసింది. దాన్ని డాక్టరు కాదు, ఆ మనిషే నింపుతుంది. అదే ఏడాది అయోవా వాళ్ళు ప్రచురించిన 15 ప్రశ్నల స్కేలులో ఒక చిన్న ఏర్పాటు నాకు చాలా నచ్చింది. 8 ప్రశ్నలు ఆలోచనలూ భావాల గురించి, 4 హాని చేసే పనుల గురించి, చివరి 3 ఆమె తన మేలు కోసం చేసుకున్న పనుల గురించి. మొదటి 12 మార్కులు కూడాలి, చివరి 3 తీసేయాలి, దానికి 15 కలపాలి. 12 నుంచి 72 మధ్య అంకె వస్తుంది. కోపమొచ్చినప్పుడు బయటికి నడిచి వెళ్ళడం, నేస్తానికి ఫోన్ చేయడం లాంటి పనికి లెక్కలో చోటు దొరికింది. ఏ అత్తగారి లెక్కలో దొరికింది ఇంతకు ముందు?

ఇక అసలు సంగతి. జనరినీ 1992లో మెక్‌లీన్ ఆసుపత్రిలో 290 మంది బార్డర్‌లైన్ రోగులతో ఒక అధ్యయనం మొదలుపెట్టి రెండేళ్ళకోసారి వాళ్ళని మళ్ళీ మళ్ళీ కలుస్తూ వచ్చింది. 10 ఏళ్ళు తిరిగేసరికి 93 శాతం మందికి కనీసం రెండేళ్ళ పాటు ఆ ముద్రకు సరిపడా లక్షణాలు లేవు. తనను గాయపరచుకోవడం లాంటివి తొందరగా తగ్గాయి. కోపం, ఒంటరితనం, లోపలి ఖాళీ నిదానంగా తగ్గాయి. తగ్గినవి చాలామందికి తిరిగి రాలేదు. పుడకల దాకా పోదన్న బుద్ధి పదేళ్ళలో పోయింది. అది బుద్ధి కాదని, బాధ అని తేల్చింది సిద్ధాంతం కాదు, ఓపికగా వేసిన లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 నుంచి అమల్లోకి తెచ్చిన 11వ వర్గీకరణలో వ్యక్తిత్వ రుగ్మతల పాత రకాలన్నీ దాదాపు తీసేసి స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అన్న తీవ్రతనే ముఖ్యం చేశారు. బార్డర్‌లైన్ ఒక తోక మాటగా మాత్రం మిగిలింది.

అయితే ఆ అధ్యయనంలోనే ఇంకో అంకె ఉంది. లక్షణాలు తగ్గడం వేరు, కోలుకోవడం వేరు అన్నారు వాళ్ళు. కోలుకున్నట్టు లెక్కించాలంటే లక్షణాలు తగ్గడంతో పాటు మనసుకు ఆసరాగా నిలిచే సంబంధం ఒకటైనా ఉండాలి, పూర్తికాలం పని నిలకడగా చేయగలగాలి. ఆ లెక్కన పదేళ్ళలో కోలుకున్నది సగం మందే. బాధ తగ్గినా పనీ బతుకూ తిరిగి చేతికి రాలేదు.

ఈ మాట దగ్గర నాకు మా ఊరు గుర్తొస్తుంది. ఎందుకంటే మా దగ్గర లెక్క సరిగ్గా తలకిందులు.

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు బీడీలు చుట్టే ఇళ్ళలో ఆడమనిషి ఆరోగ్యానికి ఒక కొలమానం ఉంది. ఈ రోజు ఎన్ని బీడీలు చుట్టింది? కూలి వెయ్యి బీడీల లెక్కన కాబట్టి ఇంటిల్లిపాదికీ ఆ అంకె తెలుసు. "గిప్పుడు మంచిగనే ఉన్నదవ్వా, రోజుకు వెయ్యి చుడుతున్నది" అని మా బాపమ్మ పక్కింటి కోడలి గురించి చెప్పిన మాట నాకు బాగా గుర్తు. ఆ కోడలు అంతకు ముందు నెల బావి దగ్గరికి పరుగెత్తిన మనిషి. మెక్‌లీన్‌లో లక్షణాలు తగ్గినా పని తిరిగి రాలేదు. ఇక్కడ పని ఎన్నడూ ఆగలేదు కాబట్టి లక్షణాలు ఎవరికీ కనిపించలేదు. అన్నం వండింది, బీడీలు చుట్టింది, నోరు మెదపడం లేదు – అంటే నయమైంది. మాట వినడమే ఆరోగ్యం. తీవ్రతకు కొలత ఇంటికి కలిగిన ఇబ్బందే తప్ప ఆమెకు కలిగిన బాధ కాదు.

ఉత్తర తెలంగాణలో స్త్రీల మనోవ్యథకు ఇంటి బయట దొరికిన చోట్లు కొన్ని ఉన్నాయి. కొండగట్టు అంజన్న దగ్గరికి మతి చెదిరిన వాళ్ళని తెచ్చి మండలం పాటు, అంటే నలభై రోజులు ఉంచడం పాత అలవాటు. చూడండి, అక్కడా ఒక కాలపరిమితి ఉంది. మతి చెదరడం వచ్చిందీ పోయేదీ అనుకున్నారే తప్ప పుట్టుబుద్ధి అనుకోలేదు. అమ్మవారు పెయ్యి మీదికొచ్చి సిగమూగే ఆడమనిషి మామూలు రోజుల్లో అనలేని మాటలు అంటుంది, మొగుడూ అత్తా చేతులు కట్టుకుని వింటారు. శివసత్తులకు ఊళ్ళో ఒక మర్యాద ఉంది. ఇదంతా విముక్తి అని నేననను. అదే నేల మీద బాణామతి పేరు చెప్పి మనుషుల పళ్ళు రాలగొట్టారు, ప్రాణాలు తీశారు. మొక్కుల చోట గొలుసులూ ఉంటాయి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో చనిపోయారు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే – తగ్గిందా లేదా అని చెప్పే అధికారం అక్కడ కూడా ఆమెది కాదు. పూజారి చెబుతాడు, వెంట వచ్చిన అన్న చెబుతాడు.

ఆసుపత్రిలో కూడా అంతే. నిజాం కాలంలో జాల్నాలో ఉండి తర్వాత హైదరాబాద్‌కు వచ్చిన ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఆదిలాబాద్ నుంచి 300 కిలోమీటర్ల దూరం. మా దగ్గర 'ఎర్రగడ్డ' అన్నది ఆసుపత్రి పేరు కాదు, తిట్టు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం తొలి నాలుగు జిల్లాల్లో మన పక్కనే ఉన్న మెదక్ ఒకటి. ఆదిలాబాద్‌కు రిమ్స్ 2008లో వచ్చింది. చేరువ పెరిగింది, నిజమే. కానీ డాక్టరు ముందు కూర్చున్నప్పుడు "ఎట్లున్నది?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పేది వెంట వచ్చిన మనిషే. ఆమె నేల చూపులు చూస్తుంది. కేసు షీటులో 'ఇంట్లో గొడవ చేయడం తగ్గింది' అని పడుతుంది.

ఈ రాత ఎంత దూరం పోతుందో చెప్పాలి. 1976 సవరణ తర్వాత హిందూ వివాహ చట్టంలో మానసిక రుగ్మత విడాకులకు కారణం. అందులో మొండిగా ఉండిపోయే, అసాధారణమైన దుడుకు ప్రవర్తనకు దారితీసే రుగ్మతను ప్రత్యేకంగా పేర్కొన్నారు. బార్డర్‌లైన్ అన్న మాట ఆ నిర్వచనంలో ఎంత సులువుగా ఇమిడిపోతుందో చూడండి. 1988లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో రోగం పేరు చూపిస్తే చాలదు, దాని తీవ్రత ఎంతో రుజువు చేయాలి అంది. 2013లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులో, భార్య కూడా వైద్యురాలే, కింది కోర్టు ఇచ్చిన విడాకుల్ని హైకోర్టు కొట్టేయడం సరైనదేనని అదే సూత్రం మీద తేల్చింది. పేరు అంటిస్తే చాలదు, కొలత కావాలి అని న్యాయస్థానమే అంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకో అడుగు వేసింది. సమాజపు నీతినీ సంప్రదాయాన్నీ పాటించకపోవడం మానసిక రోగానికి రుజువు కాదనీ, రోగం ఉన్నంత మాత్రాన మతి లేని మనిషని అర్థం కాదనీ రాసింది. మెడలో పేరు వేలాడుతున్న స్త్రీకి తీవ్రత కొలత ఒక రక్షణ కాగలదని నేననడం ఇందుకే.

అయితే ఆ కొలత ఆమె భాషలో ఉందా? సైకాలజీలో పరిశోధన చేస్తున్న ఒక మిత్రురాలు ఇలాంటి ప్రశ్నావళికి తను చేసుకున్న తెలుగు అనువాదం నాకు చూపించింది. 'దీర్ఘకాలిక శూన్యతా భావన' అని ఉంది. నేను సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నాకు బుద్ధుడూ మాధ్యమిక తత్వమూ గుర్తొచ్చాయి. ధర్మపురి నుంచి వచ్చిన బీడీ కార్మికురాలికి ఏం గుర్తొస్తుంది? ఇద్దరం కూర్చుని మా అమ్మలూ చిన్నమ్మలూ వాడే మాటలు రాసుకున్నాం. రంది, బుగులు, యాష్ట, ఆగమాగం. రంది ఉంటే మనిషి లోపల్లోపల తినేసుకుంటుంది, బయటికి అరవదు. బుగులు భయమే గానీ కారణం చెప్పలేని భయం. యాష్ట అంటే విసుగూ అలసటా కలిసి ఇక నావల్ల కాదన్న చోటు. "మనసు ఆగమాగం అయితున్నది" అంటే గంటల్లో మారిపోయే మనసుకు అంతకన్నా మంచి అనువాదం నాకు దొరకలేదు. లోపలి ఖాళీకి మాత్రం చాలాసేపు వెతికాం. చివరికి మా పెద్దమ్మ మాట ఒకటి గుర్తొచ్చింది – "అందరు ఉండి కూడ ఎవ్వలు లేనట్టు." అది ఖాళీయా, ఒంటరితనమా? స్కేలులో అవి వేరు వేరు. ఆమెకు కాదు.

ఆదిలాబాద్‌లో ఈ సమస్య రెండింతలు. గోండి, కొలామీ, మరాఠీ, లంబాడీ, ఉర్దూ మాట్లాడే జిల్లా అది. 1940ల్లో హైమండార్ఫ్ మార్లవాయిలో ఉన్నప్పుడు గోండు పిల్లలకు గోండిలోనే వాచకాలు ఉండాలని పట్టుబట్టి చేయించాడు. అక్షరాలు నేర్పడానికి తల్లిభాష కావాలని 80 ఏళ్ళ కిందటే తెలిసింది. బాధ చెప్పుకోవడానికి మాత్రం గోండు స్త్రీ పుస్తకాల తెలుగులో జవాబివ్వాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 11 దేశాల్లో జరిపించి 1994లో ఫలితాలు ప్రచురించిన వ్యక్తిత్వ రుగ్మతల అధ్యయనంలో మన దేశం నుంచి బెంగుళూరు ఉంది. అందులో వాడిన ఇంటర్వ్యూ కన్నడంలోకీ తమిళంలోకీ హిందీలోకీ వచ్చింది. అనువాదం అసాధ్యమేమీ కాదు. కానీ ఏ కన్నడం, ఎవరి తెలుగు అన్నది మనం అడగాల్సిన ప్రశ్న.

మాటలతో అయిపోదు, బతుకుల్లోనే తేడా ఉంది. వదిలిపెట్టి పోతారన్న భయం నిజమైనదైనా ఊహించుకున్నదైనా లక్షణమే అంటుంది గ్రంథం. మొగుడు రెండేళ్ళకోసారి గల్ఫ్ నుంచి వచ్చే ఇంట్లో, ఈసారి వస్తాడో రాడో, అక్కడ ఇంకెవరైనా ఉన్నారో అన్న భయానికి 4లో ఎన్ని మార్కులు వేయాలి? పెళ్ళికి పేరే మార్చేసిన ఇళ్ళలో తానెవరో నిలకడగా తెలియకపోవడాన్ని ఎవరి లోపం కింద రాయాలి?

అన్నిటికన్నా భయపెట్టేది తనను తాను గాయపరచుకోవడం గురించిన ప్రశ్న. బోస్టన్‌లో ఒక క్షణపు దుడుకుతనం చేతి మీద గాటుగా మిగలొచ్చు. పత్తి పండే ఆదిలాబాద్‌లో అదే క్షణానికి చేతికి దొరికేది పురుగుల మందు. స్కేలులో ఇద్దరికీ ఒకే అంకె. ఒకామె వచ్చే వారం మళ్ళీ అంకె వేసుకోడానికి ఉంటుంది, ఒకామె ఉండదు. తీవ్రత మనిషి లోపలే లేదు, గూట్లో ఉన్న డబ్బాలో కూడా ఉంది. శ్రీలంకలో ప్రమాదకరమైన పురుగుమందుల్ని ఒక్కొక్కటిగా నిషేధించాక 1995 నుంచి 20 ఏళ్ళలో ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది. అక్కడి ఆడవాళ్ళ బుద్ధులు మారి కాదు.

మన దగ్గర ఆ అంకె కాగితం మీదికే రాలేదు. ఆత్మహత్యా యత్నం చాలాకాలం నేరం. 309 సెక్షన్‌కు భయపడి బతికి బయటపడ్డ ఆడవాళ్ళ చేత "పొరపాటున తాగిన" అని చెప్పించేవారు. చనిపోయిన వాళ్ళ గురించి జిల్లా పేపర్లలో "కడుపునొప్పి తాళలేక" అన్న మాట పడేది. ఎన్ని వందల కడుపునొప్పులు చదివాం మనం! ఆ మాట వెనక రంది ఎంత, దెబ్బలెన్ని, ఏ వారం నుంచి పెరిగింది – ఎవరూ అడగలేదు. 2017 చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలంది, ఆమెను చూసుకోవడం ప్రభుత్వ బాధ్యతంది. 2024 జూలై 1 నుంచి 309 కూడా పోయింది. ఇప్పుడు నిజం చెప్పడానికి చట్టం అడ్డం కాదు. చెప్పుకునే చోటు కావాలి.

ఇలాంటి చోట్లు కట్టిన చరిత్ర మనకు లేకపోలేదు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ కథ తామే చెప్పారు. ఉద్యమం ముగిశాక ఇంటికి పొమ్మన్నప్పుడు కలిగిన చీకటిని ఏ పార్టీ చరిత్రా లెక్కించలేదు, ఆ గొంతులు లెక్కించాయి. 1991లో వచ్చిన 'సవాలక్ష సందేహాలు' ఆడవాళ్ళ ఒంటి గురించి ఆడవాళ్ళ తెలుగులో మాట్లాడింది. 1990ల్లో అన్వేషి స్త్రీల మానసిక ఆరోగ్యం మీద చర్చలు పెట్టింది. అందులో పనిచేసిన భార్గవి దావర్ 1999లో భారతీయ స్త్రీల మానసిక ఆరోగ్యం మీద పుస్తకం రాసి, పూణేలో తల్లి పేరు మీద బాపు ట్రస్ట్ పెట్టింది. ఆ తల్లి మానసిక ఆసుపత్రుల్లో నలిగిన మనిషి. 2024లో కన్నుమూసేదాకా దావర్ వైద్యపు ముద్రల్ని ప్రశ్నిస్తూనే ఉంది. ఆమె వాదనంతా నాకు ఒప్పుదల కాకపోవచ్చు. ముద్ర వద్దన్న చోట కొలత కూడా వద్దనుకోవాలా అన్న దగ్గర నేను ఆగుతాను. స్కేళ్ళను వదిలేస్తే కొలత ఆగిపోదు. అది పాత చేతుల్లోకే, బీడీల లెక్క దగ్గరికే తిరిగిపోతుంది.

అందుకని నాకు తోచిన పని చిన్నదే. ఈ ప్రశ్నావళులు తెలుగులోకి ఎలాగూ వస్తాయి. అవి వచ్చేటప్పుడు గ్రాంథికపు గదుల్లో కాకుండా జగిత్యాల బీడీ కార్ఖానా అరుగు మీద, ఉట్నూరు సంతలో కూర్చుని ఆడవాళ్ళని అడిగి రాయాలి. 'వదిలిపెడతారన్న భయం' పక్కనే 'వదిలిపెడతామని ఎవరైనా బెదిరించారా' అన్న ప్రశ్న ఉండాలి. కోపం ఎంత అని అడిగిన చోట ఎవరి మీద, ఎందుకు అని రాసుకోడానికి రెండు గీతలు ఖాళీగా వదలాలి. ఇంట్లో పురుగుల మందు ఎక్కడుంది అని అడగాలి. అయోవా వాళ్ళలా ఆమె తన కోసం చేసుకున్న మంచి పనిని లెక్కలో కలపాలి. వెంట వచ్చిన వాళ్ళని కాసేపు బయట కూర్చోమనాలి. 2022 అక్టోబరు నుంచి 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలీమానస్‌లో తెలుగులో మాట్లాడే వాళ్ళు ఉంటారు. ఆ అవతలి గొంతుకు రంది అంటే ఏమిటో తెలిసి ఉండాలి. ఇది డాక్టర్లు ఒంటరిగా చేయగల పని కాదు. మాటలతో బతికే మనం, కథలూ కవిత్వమూ రాసేవాళ్ళం, అనువాదాలు చేసేవాళ్ళం, వాళ్ళ పక్కన కూర్చోవాలి.

మేమిద్దరం చేస్తున్న అనువాదంలో మొదటి ప్రశ్న ఇప్పుడు ఇలా ఉంది: "పోయిన వారం సంది నీ పానం ఎట్లున్నదక్కా?" దానికి జవాబు రాసే గడి కాస్త పెద్దదిగా పెట్టాం.